పాత వ్యాను, పాత దారి

ప్రయాణం అనగానే మన ఇళ్ళల్లో ముందు పుట్టుకొచ్చేది సామాను సంగతి. రెండు రోజులు తిరుపతి వెళ్ళి రావాలన్నా మంచినీళ్ళ సీసా, పులిహోర పొట్లాలు, దుప్పట్లు, చిన్నవాడికి జ్వరం మందు, పెద్దావిడ మోకాళ్ళకి నూనె - ఇవన్నీ సర్దేసరికి ఇల్లాలు సగం అలిసిపోతుంది. అలాంటిది ఊరు దాటి, రాష్ట్రం దాటి, ఒకటి కాదు పది దేశాలు దాటి, అదీ విమానంలో కాదు రోడ్డు మీద, అదీ కొత్త కారులో కాదు ఎవరో వాడి వదిలేసిన డొక్కు వ్యానులో వెళతామంటే ఎవరైనా ఏమంటారు? "బుద్ధి వున్నవాళ్ళు చేసే పనేనా ఇది?" అంటారు.

కానీ బుద్ధి వున్నవాళ్ళే చేశారు. ఒకరూ ఇద్దరూ కాదు, వేలమంది చేశారు. 1950ల మధ్య నుంచి 1979 దాకా, రమారమి పాతికేళ్ళపాటు, లండన్‌లో బండి ఎక్కినవాళ్ళు ఢిల్లీలోనో ఖాట్మండూలోనో దిగేవారు. నడుమ నీళ్ళంటూ వస్తే ఇంగ్లండు పక్కన చిన్న సముద్రపు పాయ, ఇస్తాంబుల్ దగ్గర ఒక జలసంధి. మిగతా తొమ్మిది పదివేల కిలోమీటర్లూ నేలే.

నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. పట్టుదారి గురించి, అలెగ్జాండరు గురించి, కైబరు కనుమ దాటివచ్చిన దండయాత్రల గురించి పేజీలకు పేజీలు బట్టీపట్టాం. అదే కనుమలోంచి, మన అమ్మల పెళ్ళిళ్ళు జరుగుతున్న రోజుల్లో, గిన్నెలూ దుప్పట్లూ వేసుకుని వ్యాన్లు వచ్చాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. కత్తి పట్టుకుని వచ్చినవాడికి వున్న గౌరవం స్టవ్వు పట్టుకుని వచ్చినవాళ్ళకి చరిత్రలో లేదు కాబోలు!

మన తెలుగునాట ఈ దారి ఆనవాలు ఒక్కచోటే కనిపించేది - మగపిల్లల జుట్టులో. 1970లలో చెవులు కప్పేలా జుట్టు పెంచిన ప్రతి కుర్రాడినీ మన పెద్దవాళ్ళు "హిప్పీ వెధవ" అన్నారు. మా మేనమామ కాలేజీ ఫోటో చూసినప్పుడల్లా మా అమ్మమ్మకి బీపీ పెరిగేది. దేవానంద్ తీసిన "హరే రామ హరే కృష్ణ" సినిమా 1971లో వచ్చి, ఖాట్మండూ వీధుల్లో గంజాయి పీల్చే తెల్ల కుర్రాళ్ళని మనకి చూపించింది. వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టివుంటే హాలులోంచి ఇంకో సినిమా కథ మోసుకుని ఇంటికి వచ్చేవాళ్ళం.

ఈ దారిన మొదట వచ్చినవాళ్ళు హిప్పీలు కారు. 1957 ఏప్రిల్ 15న లండన్ విక్టోరియా బస్సు స్టేషన్ నుంచి "ఇండియామ్యాన్" అనే బస్సు ఇరవై మంది ప్రయాణికులతో కలకత్తాకి బయల్దేరింది. నడిపినవాడు గారో-ఫిషర్ అనే ఆయన. టిక్కెట్టు 85 పౌండ్లు. జూన్ 5న కలకత్తా చేరింది. అంటే సుమారు యాభై రోజులు. 1830లో మన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి పల్లకీలతో పరివారంతో కాశీయాత్రకి వెళ్ళి రావడానికి పదిహేను నెలలు పట్టింది. ఆ లెక్కన లండన్ నుంచి కలకత్తాకి యాభై రోజులంటే విమానం కిందే జమ.

బస్సు వెనకే వ్యాన్లు వచ్చాయి. అందులో ఒకదాని గురించి మాత్రం చెప్పాలి. గుండ్రటి ముఖం, ముందు రెండు కళ్ళలాంటి దీపాలతో, రొట్టెముక్కకి చక్రాలు తగిలించినట్టుండే ఫోక్స్‌వాగన్ వ్యాను. దీని మొదటి బొమ్మని 1947లో బెన్ పోన్ అనే డచ్చి వర్తకుడు తన నోటుపుస్తకంలో నాలుగు గీతలతో గీశాడు. 1950 మార్చిలో జర్మనీలో తయారీ మొదలయింది. ఇంజను శక్తి మొదట్లో 25 గుర్రాలు మాత్రమే. ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడేది. కానీ ఆ ఇంజను వెనకవైపు వుండేది, గాలితో చల్లబడేది. రేడియేటరు లేదు, నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే ఎడారిలో మరిగేదేమిటి? చలిలో గడ్డకట్టేదేమిటి? అందుకని పాతబడి, రంగు పోయి, తలుపు తాడుతో కట్టుకునే స్థితికి వచ్చినా ఆ వ్యాను ఇరాన్ ఎడారులు దాటేది. తెలిసినవాడు నాలుగు రెంచీలతో ఇంజను దింపి మళ్ళీ ఎక్కించేవాడు.

లోపల మన ఒంటిగది కాపురమే. పగలు బెంచీ, రాత్రి మంచం. మడిస్తే గోడ, తెరిస్తే బల్ల. ఒక మూల చిన్న స్టవ్వు, ఒక నీళ్ళ డబ్బా, గిన్నెల అలమర. కిటికీలకి పూలపూల తెరలు! ఆ వ్యాన్ల ఫోటోలు చూసినప్పుడు నా కళ్ళు మొదట పోయేది ఆ తెరల మీదికే. ప్రపంచమంతా తిరుగుదామని ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు కూడా వెంట తెచ్చుకున్న మొదటి వస్తువు కిటికీకి గుడ్డ. ఇల్లు అంటే అదే కదా, లోపలికీ బయటికీ మధ్య మనం కట్టుకునే మూరెడు గుడ్డ.

ఇక దారి చూద్దాం. యూరప్ దాటి యుగోస్లావియా, బల్గేరియాల మీదుగా ఇస్తాంబుల్. అక్కడ సుల్తానహ్మెత్ పేటలో ఇద్దరు అన్నదమ్ములు 1957లో పెట్టిన చిన్న హోటలుంది. అసలు పేరు లాలే. తెల్లవాళ్ళకి ఆ పేరు గుర్తుండక, అద్దాల వెనక వరసగా పేర్చిన పాయసం గిన్నెలు చూసి "పుడ్డింగ్ షాప్" అన్నారు. అదే పేరు నిలిచింది. టర్కీలో పాలతో చేసే పాయసాలు చాలావున్నాయి. కోడి మాంసాన్ని సన్నటి నారల్లా చీల్చి పాలలో ఉడికించి చేసే తీపి పాయసం కూడా వుంది. శాకాహారులు క్షమించాలి, వున్నదున్నట్టు చెబుతున్నాను.

ఆ హోటలు పేరు పాయసం వల్ల కన్నా గోడమీది బోర్డు వల్ల ఎక్కువ మోగింది. "ఢిల్లీకి వ్యాను వెళుతోంది, ఇద్దరికి చోటుంది, పెట్రోలు ఖర్చు పంచుకోవాలి." "కాబూల్‌లో నీకోసం చూస్తాను, త్వరగా రా." ఇలాంటి చీటీలతో ఆ బోర్డు నిండిపోయేది. ఫోనులు లేని కాలంలో ఖండాల మధ్య తపాలాఫీసు అది. అలిగి విడిపోయినవాళ్ళు అక్కడ క్షమాపణలు రాసి గుచ్చి పోయేవారు. అవతలివాళ్ళు చదివారో లేదో ఎవరికి తెలుసు! నవలలు రాసేదాన్ని గనుక, ఆ బోర్డు ముందు ఒక పూట నిలబడే అదృష్టం దొరికితే పదేళ్ళకి సరిపడా కథలు దొరికేవని దురాశ పడుతుంటాను.

1973 అక్టోబరులో బాస్ఫరస్ మీద వంతెన తెరిచారు. అంతకు ముందు బండినీ మనిషినీ పడవే యూరప్ నుంచి ఆసియాకి దాటించేది. అక్కడి నుంచి అంకారా, ఎర్జురుమ్, తర్వాత మంచుటోపీ పెట్టుకున్న అరారత్ కొండ. ఇరాన్‌లో తబ్రీజ్, టెహరాన్, మషాద్. అఫ్ఘనిస్తాన్‌లో హెరాత్, కాందహార్, కాబూల్. పిదప కైబరు కనుమ, పెషావర్, లాహోర్, అమృతసర్, ఢిల్లీ. ఇంగ్లండులో బండి ఎడమవైపు నడుపుతారు. సముద్రం దాటగానే కుడివైపుకి మారాలి. కుడివైపునే కొన్ని వేల కిలోమీటర్లు వచ్చి, అఫ్ఘన్ సరిహద్దులో తోర్ఖమ్ దాటగానే మళ్ళీ ఎడమవైపుకి! అక్కడికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళకి పుట్టింటి వీధిలోకి వచ్చినట్టుండేదేమో.

మొదట్లో చాలా బళ్ళు ఇరాన్ నుంచి బలూచిస్తాన్ ఎడారి మీదుగా క్వెట్టా వచ్చేవి. అఫ్ఘనిస్తాన్ రోడ్లు అంత అధ్వాన్నంగా వుండేవి. 1960లలో ఆ రోడ్లు అద్దంలా తయారయ్యాయి. ఆ దేశానికి హఠాత్తుగా డబ్బొచ్చి కాదు. హెరాత్ నుంచి కాందహార్ దాకా సోవియట్ వాళ్ళు కాంక్రీటు పోశారు. కాందహార్ నుంచి కాబూల్ దాకా అమెరికా వాళ్ళు తారు పోశారు. ఇద్దరు తోడికోడళ్ళు మామగారి మెప్పుకోసం పోటీపడి వండితే, సుష్టుగా భోంచేసేది ఇంటికొచ్చిన చుట్టం. ఆ చుట్టం మన పాత వ్యాను. రోడ్లు వేసినవాళ్ళ మనసులో వ్యాన్లు లేవు, ఇంకేవో వున్నాయి. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. ఈ దారిన ఆడవాళ్ళు ఎంతమంది వచ్చారో!

1958లో అన్ డేవిస్, ఈవ్ సిమ్స్, ఆంటోనియా డీకాక్ అనే ముగ్గురు ఇంగ్లీషు ఇల్లాళ్ళు, భర్తలని ఇంటి దగ్గర వుంచి, ఒక లాండ్‌రోవర్ బండిలో హిమాలయాలకి బయల్దేరారు. చదవండి మళ్ళీ: భర్తలని ఇంటి దగ్గర వుంచి! లద్దాఖ్ పక్కన జంస్కార్ అనే కొండలోయకి వెళ్ళాలని వాళ్ళ పట్టు. బయటివాళ్ళు వెళ్ళాలంటే అనుమతి కావాలి. ఢిల్లీలో సాక్షాత్తూ నెహ్రూగారిని కలిసి అడిగి, అనుమతి తెచ్చుకుని, కాలినడకన వెళ్ళి వచ్చారు. అక్కడ ఎవరూ ఎక్కని ఒక శిఖరం ఎక్కి దానికి "బీవీ గిరి" అని పేరు పెట్టారు. భార్యల కొండ! మన దగ్గర సన్యాసుల కొండలున్నాయి, దేవుళ్ళ కొండలున్నాయి, భార్యల కొండ ఇంకెక్కడైనా వుందా?

ఆ తర్వాత ఐర్లండు పల్లెటూరి నుంచి డెర్వ్లా మర్ఫీ. పదో పుట్టినరోజుకి ఆమెకి ఒక సైకిలూ ఒక అట్లాసూ వచ్చాయి. సైకిలు మీద ఇండియా దాకా వెళ్ళొచ్చు కదా అనుకుంది ఆ పిల్ల. అయితే తల్లి మంచాన పడింది. పద్నాలుగేళ్ళకి చదువు మానేసి తల్లికి చాకిరీ చేసింది. పదహారేళ్ళు! 1962లో తల్లి పోయింది. 1963 జనవరిలో, మంచు కురుస్తుండగా, ఆమె సైకిలెక్కింది. ఒంటరిగా యూరప్, టర్కీ, ఇరాన్, అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి ఆ జులైలో ఢిల్లీ చేరింది. అన్ని దేశాల్లోకి ఆమె మనసు దోచుకున్నది అఫ్ఘనిస్తాన్. తర్వాత రాసిన పుస్తకంతో ప్రపంచానికి తెలిసింది. 2022లో తొంభయ్యేళ్ళ వయసులో కన్నుమూసింది. మన ఇళ్ళల్లో మంచాన పడిన పెద్దలకి సేవ చేస్తూ, పోపు వేస్తూ, మనసులో ఏదో ఒక అట్లాసు దాచుకున్న ఆడవాళ్ళు ఎందరు లేరు? వాళ్ళలో సైకిలు అటకమీంచి దింపేవాళ్ళు తక్కువ. అంతే తేడా.

ఇక వ్యాను కథల్లో పేరుమోసిన కథ మౌరీన్, టోనీ వీలర్‌లది. ఆమెది బెల్‌ఫాస్ట్. అతను ఇంగ్లీషువాడు. 1970లో లండన్‌లో ఒక పార్కు బెంచీ మీద పరిచయం, మరుసటి ఏడు పెళ్ళి. ఉద్యోగంలో చేరి స్థిరపడేముందు ఒక్క ఏడాది ప్రపంచం చూసివద్దాం, ఆ దురద తీరిపోతుంది అనుకున్నారు. 65 పౌండ్లకి ఒక పాత ఆస్టిన్ మినీ వ్యాను కొన్నారు. ఇంచుమించు మన పాత మారుతీ కారంత వుంటుంది ఆ బండి. 1972 వేసవిలో దాంట్లో లండన్ నుంచి బయల్దేరి, టర్కీ, ఇరాన్ దాటి కాబూల్ చేరారు. అక్కడ దాన్ని అయిదు పౌండ్ల లాభానికి అమ్మేశారు! పాత చీరలిచ్చి స్టీలు గిన్నె పుచ్చుకోవడమే మహావిద్య అనుకునే మనం, అంత దూరం తిప్పిన బండిని లాభానికి అమ్మిన ఆ దంపతులకి ఒక దణ్ణం పెట్టాలి.

అక్కడి నుంచి బస్సులూ రైళ్ళూ పట్టుకుని పాకిస్తాన్, ఇండియా, నేపాల్ చూసి, తూర్పు దేశాల మీదుగా ఆ డిసెంబరు చివర్లో సిడ్నీ చేరారు. అప్పుడు ఇద్దరి దగ్గరా కలిపి మిగిలింది 27 సెంట్లు. ఎక్కడికి వెళ్ళినా అందరూ ఒకటే అడిగేవారు - ఎలా వచ్చారు, ఎంతయింది, ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు? చెప్పి చెప్పి విసిగి, వంటింటి బల్ల మీద కూర్చుని 96 పేజీల చిన్న పుస్తకం తయారుచేశారు. 1973లో వచ్చిన ఆ పుస్తకం పేరు "అక్రాస్ ఆసియా ఆన్ ది చీప్", అంటే చవగ్గా ఆసియా దాటడం. మొదటి 1500 ప్రతులూ చూస్తుండగానే అయిపోయాయి. అలా పుట్టిన సంస్థే లోన్లీ ప్లానెట్. దాని పుస్తకం చంకలో పెట్టుకుని ఆ తర్వాత తరాలు ప్రపంచం తిరిగాయి. వంటింటి బల్ల మీద కూరలే కాదు, ఇలాంటివీ తయారవుతాయని మనవి.

ఈ దారిని పూలబాటగా చెప్పడం నా ఉద్దేశం కాదు. వచ్చినవాళ్ళలో మత్తుకోసమే వచ్చినవాళ్ళున్నారు. డబ్బయిపోయి కాబూల్లోనూ ఢిల్లీలోనూ వీధిన పడ్డవాళ్ళున్నారు. నేపాల్ ప్రభుత్వం 1973లో గంజాయి దుకాణాల లైసెన్సులు రద్దుచేసింది. ఇలాంటి దారిబోయే కుర్రకారునే వేటాడి చంపిన చార్లెస్ శోభరాజ్‌ని 1976లో ఢిల్లీలో పట్టుకున్నారు. అతిథిగా వచ్చి, అతిథి మర్యాద తెలియకుండా గుడిమెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళని చూసి మనవాళ్ళు ముఖం చిట్లించడంలో తప్పులేదు.

అయితే ఒక ప్రశ్న నన్ను వదలదు. అంతమంది అటు నుంచి ఇటు వస్తే, ఇటు నుంచి అటు వ్యాను వేసుకుని వెళ్ళినవాళ్ళు ఎందుకంత తక్కువ? మనకి కాళ్ళు లేకనా?

జవాబు కాగితాల్లో వుంది. ఇంగ్లీషువాళ్ళకి 1984 దాకా మన దేశం రావడానికి వీసాయే అక్కర్లేదు. మనకేమో పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం 1967 దాకా ప్రభుత్వం వారి ఇష్టం. ఆ ఏడు సుప్రీంకోర్టు కలగజేసుకున్నాకే పాస్‌పోర్టులకి ఒక చట్టమంటూ వచ్చింది. పాస్‌పోర్టు దొరికినా విదేశీ ద్రవ్యం దొరకదు. దేశం దాటేవాడి చేతిలో ఒకప్పుడు 3 పౌండ్లు, తర్వాత 8 డాలర్లు పెట్టి పంపేవారు. ఎనిమిది డాలర్లతో పది దేశాలు! మనవాళ్ళకి ధైర్యం లేక కాదు, ధైర్యానికి కూడా దారి ఖర్చులుంటాయి.

అసలు డబ్బే వద్దని వెళ్ళినవాళ్ళూ వున్నారు. 1962లో సతీశ్ కుమార్, ప్రభాకర్ మేనోన్ అనే ఇద్దరు యువకులు అణుబాంబులకి వ్యతిరేకంగా ఢిల్లీలో గాంధీజీ సమాధి నుంచి కాలినడకన బయల్దేరారు. ఇద్దరూ వినోబా శిష్యులు. మన పోచంపల్లిలో 1951లో భూదానం మొదలుపెట్టిన ఆ వినోబాయే. చేతిలో పైసా పెట్టుకోవద్దు, శాకాహారం మానవద్దు అని ఆయన సలహా. పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్, ఇరాన్ నడిచారు. అంటే వ్యాన్లు వచ్చే దారికి ఎదురు నడిచారన్నమాట. ఎవరు పెట్టింది వాళ్ళు తిన్నారు, ఎవరింట చోటిస్తే అక్కడ పడుకున్నారు. అక్కడి నుంచి సోవియట్ దేశంలోకి వెళ్ళాక, నల్లసముద్రపు తీరంలో ఒక టీ ఫ్యాక్టరీ ముందు ఆడవాళ్ళు కలిశారు. సంగతి విని, అందులో ఒకామె నాలుగు టీ పొట్లాలు తెచ్చి ఇచ్చిందట. నాలుగు అణుదేశాల నాయకులకి తలొకటీ ఇవ్వమని. బాంబు మీట నొక్కాలన్న పిచ్చి పుడితే ముందు ఒక కప్పు టీ కాచుకు తాగమని, ఆ కాసేపట్లో ఆలోచన వస్తుందని కబురు. ఆ పొట్లాలు మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌లకు చేరాయి. కోపంగా వున్న మగవాడికి ముందు కాఫీ ఇచ్చి తర్వాత మాట్లాడాలన్న రహస్యం ఒక్క మన ఇళ్ళల్లోనే వుందనుకున్నాను!

దారి మూసుకోవడానికి మాత్రం ఎంతో కాలం పట్టలేదు. 1965లో, 1971లో మనకీ పాకిస్తాన్‌కీ యుద్ధాలొచ్చి దారి తెగింది, మళ్ళీ అతుక్కుంది. ఈసారి అలా కాదు. 1978 ఏప్రిల్‌లో కాబూల్‌లో రక్తపాతంతో ప్రభుత్వం మారింది. 1979 ఫిబ్రవరిలో ఇరాన్‌లో విప్లవం గెలిచింది. ఆ నవంబరులో టెహరాన్‌లో అమెరికా ఎంబసీవాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. డిసెంబరు చివరివారంలో సోవియట్ సేనలు అఫ్ఘనిస్తాన్‌లో దిగాయి. హెరాత్ దాటి ట్యాంకులు ముందుకు వెళ్ళింది, మన వ్యాన్లు వెళ్ళిన ఆ చక్కటి కాంక్రీటు రోడ్డు మీదనే. తోడికోడళ్ళ వంట వెనక వున్న సంగతి అప్పుడు బయటపడింది.

ఏడాది తిరక్కుండా పాతికేళ్ళ దారి ముగిసింది. ఈలోగా జంబో విమానాలు వచ్చాయి, టిక్కెట్లు చవకయ్యాయి. లండన్ నుంచి ఢిల్లీకి పొద్దున్నకి పొద్దున్న వచ్చేయొచ్చు. కిందనున్న దేశాలు మబ్బుల కింద వుండిపోయాయి. ఎక్కడో యుద్ధం జరుగుతోందని పేపర్లో చదివితే, "పాపం" అని పేజీ తిప్పేస్తాం. మన గిన్నెలో నీళ్ళు పోసిన ముసలమ్మ ముఖం గుర్తుంటే అంత సులువుగా పేజీ తిప్పగలమా? వ్యానులో వెళ్ళినవాళ్ళకి ఆ ముసలమ్మ ముఖం తెలుసు.

దారి పక్కనే, కాబూల్‌కి పడమటి కొండల్లో, బామియాన్ అనే చోట రెండు బుద్ధ విగ్రహాలుండేవి. ఒకటి 55 మీటర్లు, ఒకటి 38 మీటర్లు. ఆరు, ఏడు శతాబ్దాల్లో కొండని తొలిచి నిలబెట్టినవి. లోపల మెట్లుండేవి. వ్యానులో వచ్చిన పిల్లలు ఆ మెట్లెక్కి పెద్ద బుద్ధుడి తలమీద నిలబడి లోయంతా చూసేవారు. 2001 మార్చిలో తాలిబాన్లు వాటిని మందుపాతరలతో పేల్చేశారు. ఇప్పుడక్కడ కొండలో మనిషి ఆకారపు ఖాళీ మాత్రం వుంది.

రాతి బుద్ధుడి కోసం ప్రపంచమంతా బాధపడింది. పడాల్సిందే. కానీ ప్రాణమున్న మనుషుల సంగతి ఇంకా చెప్పలేదు.

1959లో కాబూల్‌లో స్వాతంత్ర్య వేడుకల వేదిక మీద రాజకుటుంబపు ఆడవాళ్ళు, మంత్రుల భార్యలు ముసుగు లేకుండా కూర్చున్నారు. ముసుగు వేసుకోవడం, మానడం ఇక ఎవరి ఇష్టం వారిదన్నారు. 1964 రాజ్యాంగం ఆడవాళ్ళకి ఓటిచ్చింది. పల్లెల్లో బతుకు పెద్దగా మారకపోయినా, కాబూల్ విశ్వవిద్యాలయంలో పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు నడిచేవారు. మౌరీన్ వీలర్ వ్యాను దిగిన కాబూల్ అది.

2021 ఆగస్టులో తాలిబాన్లు రెండోసారి కాబూల్ పట్టుకున్నారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి మూసేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసేశారు. వీటన్నిటి మధ్య, 2021 డిసెంబరులో ఒక చిన్న ఉత్తర్వు వచ్చింది. ఇంటి మగదిక్కు తోడు లేకుండా ఏ స్త్రీ అయినా 72 కిలోమీటర్లకి మించి ప్రయాణం చేయరాదు, అలాంటి ఆడవాళ్ళని డ్రైవర్లు బండి ఎక్కించుకోరాదు అని.

72 కిలోమీటర్లు! మన లెక్కలో పొద్దున్న బస్సెక్కి పుట్టింటికి వెళ్ళి, అమ్మని చూసి, ఆవకాయ జాడీతో సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. 1963లో ఐర్లండు నుంచి వచ్చిన పిల్ల ఒంటరిగా సైకిలు తొక్కిన దేశమది. ఆ దేశంలోనే పుట్టిన పిల్ల, తన ఊరి రోడ్డు మీద, తన భాష మాట్లాడే మనుషుల మధ్య, 73వ కిలోమీటరు దగ్గర ఆగిపోవాలి.

ఇంగ్లీషువాళ్ళ పుస్తకాలు చదువుతుంటే, ఆ దారి పోయిందని వాళ్ళు పడే బెంగ కనిపిస్తుంది. మంచి రోజులు, మంచి వయసు, పోయిన వ్యాను. ఆ బెంగ నాకూ అర్థమవుతుంది. అయితే వాళ్ళకి దారి మూసుకుపోతే విమానం దొరికింది. దారి ఎవరి గుమ్మం ముందు నుంచి పోయిందో వాళ్ళకి ఏమీ దొరకలేదు. ప్రపంచమంతా తమ ఊరి మీదుగా తిరిగి వెళ్ళింది గాని, వాళ్ళు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. మన 8 డాలర్ల రోజులు తలుచుకుంటే ఆ బాధ మనకి కొంతైనా తెలియాలి.

రోడ్డు ఇంకా వుంది. గోతులు పడి, అతుకులు వేసి, హెరాత్ నుంచి కాబూల్ దాకా పడుకునే వుంది. మళ్ళీ ఎప్పుడో ఆ దారి తెరుచుకుంటుందని నాకు నమ్మకం. రాజులూ రాజ్యాలూ పోయినా కైబరు కనుమ ఎక్కడికీ పోలేదు. తెరుచుకున్నప్పుడు మొదటి వ్యాను లండన్ నుంచే రావాలని ఏమీ లేదు. హెరాత్ నుంచి బయల్దేరనివ్వండి. బండి పాతదైనా ఫర్వాలేదు, తలుపు తాడుతో కట్టినా ఫర్వాలేదు. కిటికీకి ఆ పిల్ల తనకిష్టమైన పూలగుడ్డ కట్టుకుంటుంది. వేసుకోవాలో తీయాలో తనే చూసుకుంటుంది. అమృతసర్ దాటి, ఢిల్లీ దాటి, తీరిక చేసుకుని మన వైపు కూడా వస్తే, కోడి పాయసం నాకు చేతకాదు గాని సేమ్యా పాయసం బాగానే చేస్తాను.